రాగిమాల్టు: సెగ నారబెట్టుటయు, వేపుటయు
(మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతుల కొఱకు)

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులకు రాగిని గూర్చి క్రొత్తగా చెప్పవలసినది కొంచెమే. ఈ మెట్టసీమలో సంగటిని, అంబలిని ఎఱుగని యిల్లు లేదు. వేరుసెనగయు, తరువాత మల్బరీయు, టొమేటోయు వచ్చి రాగిచేలను కొంత వెనుకకు నెట్టినవి గాని, ఇంటి గాదెలోనికి కొన్ని మూటల రాగులు చేరనిదే సంవత్సరము గడచినట్లు పెద్దలకు తోచదు. అయినను ఆ రాగినే మొలకెత్తించి, ఎండించి, కాచి, పిండి చేసి డబ్బాలలో నింపి రాగిమాల్టు అని అమ్ముచుండగా, రాగిని పండించిన రైతే దానిని అనేక రెట్ల వెలకు కొని పసిబిడ్డకు పట్టుట వింతగా నున్నది. 2025-26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వమువారు రాగికి నిర్ణయించిన కనీస మద్దతు ధర క్వింటాలునకు 4886 రూపాయలు, అనగా కిలోకు నలువదితొమ్మిది రూపాయలకు లోపు. దుకాణములో మాల్టుడబ్బా వెల ఎంతయో చదువరులు తామే యెఱుగుదురు.

ఈ పనిని ఇంటియొద్ద చేసికొనువారు లేకపోలేదు. కాని చాలమంది చేసినది పేరునకు మాల్టు, గుణమునకు వట్టి వేపుడుపిండి యగుచున్నది. లోపము నానబెట్టుటయందు గాని మొలకెత్తించుటయందు గాని అంతగా లేదు. కట్టకడపట పొయ్యిమీద పెట్టునప్పుడే తప్పు జరుగుచున్నది. కావున ఈ పత్రములో మొదటి పనులను కొంత త్వరగా చెప్పి, సెగను గూర్చి విస్తరించి చెప్పుచున్నాము.

ఇందులో మాట తెచ్చిన చిక్కు కూడ నొకటి గలదు. రెవెన్యూశాఖలో కాగితములను తెనిగించు పని చేయువాడ నగుటచే, ఒకే మాట రెండు పనులకు చెల్లినప్పుడు ఎంత గడబిడ జరుగునో నాకు చక్కగా తెలియును. మొలకధాన్యమును సన్నని సెగపై నుంచి మిగిలిన తడిని పోగొట్టుట యొక పని. ఎండిన మాల్టును ఘాటైన వేడిలో ఎఱ్ఱబారునట్లు చేయుట మఱియొక పని. రెంటిని మనము "వేపుట" యనియే అందుము. మాల్టును వేపవలెనని విన్న ఇల్లాలు వేరుసెనగకాయలను వేపినట్లు దానిని వేపును. ఆమె తప్పేమియు లేదు. ఈ పత్రమంతటను మొదటిదానిని "సెగ నారబెట్టుట" యనియు, రెండవదానిని మాత్రమే "వేపుట" యనియు వ్రాయుదుము. చదువరులు ఈ భేదమును మనసునందుంచుకొనవలెను.

ధాన్యపు గింజలో మొలకయొక్క ఆహారము గంజిపదార్థరూపమున నిలువయుండును. గింజ తడిసి మొలకెత్త మొదలిడగానే దానియందు కొన్ని కిణ్వములు పుట్టి, ఆ గంజిని తీపి చక్కెరలుగా మార్చి లేత మొలకకు అందించును. 1833వ సంవత్సరమున పాయెన్, పెర్సో అను ఇద్దఱు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీనుండి ఈ పదార్థమును వేఱుచేసి దానికి డయాస్టేసు అని పేరిడిరి. మొలకెత్తిన గింజను సరియైన సమయమున ఎండించి నిలిపివేసినయెడల మొలక చచ్చును గాని కిణ్వము నిద్రించియుండును. అట్లు నిలిపిన ధాన్యమే మాల్టు. తరువాత ఎన్నడైనను తడియు, మితమైన వేడియు తగిలినచో కిణ్వము మేల్కొని తన పనిని తిరిగి ఆరంభించును. మాల్టునకు గల విలువలో ముఖ్యభాగ మీ కిణ్వమునందే యున్నది. పొయ్యిసెగ దీనిని రక్షింపవచ్చును, చంపవచ్చును.

ఐరోపాదేశములలో బార్లీమాల్టుతో బీరు కాచువారు ఈ సంగతిని తరతరములుగా ఎఱిగియున్నారు. వారు మాల్టులో అధికభాగమును తేలికసెగపై నారబెట్టి లేతరంగున నుంచుదురు. ఇది గంజిని చక్కెరగా మార్చును. కొంచెము భాగమును మాత్రము ఘాటుగా వేపి, రంగు కొఱకును, రొట్టెపైపెచ్చు వంటి వాసన కొఱకును కలుపుదురు. 1817లో డేనియల్ వీలర్ అను ఆంగ్లేయుడు గుండ్రని పీపాలో మాల్టును త్రిప్పుచు నల్లగా వేపు యంత్రమునకు పేటెంటు పొందెను. అట్టి నల్లమాల్టులో కిణ్వశక్తి బొత్తిగా నుండదు. అది చిటికెడు పడినను పానీయమునకు నల్లని రంగు వచ్చును. నేటికిని ఆ దేశములలో ఇండ్లయొద్ద బీరు చేసికొనువారు లేతమాల్టును పళ్లెములో పఱచి, సుమారు 150 మొదలు 175 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల పొయ్యియరలో ఇరువది నిమిషములు మొదలు గంటవఱకు వేపుకొందురు. వేపిన వెంటనే వాడక, ఘాటు తగ్గుటకై రెండు వారములు ఊరక నుంచుదురు.

మన రాగియు ఈ విద్యకు పనికిమాలినది కాదు. రాగి మొదట పుట్టిన తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యముగా ఉగాండాలో, రాగిమాల్టుతో నేటికిని బీరు కాచుచున్నారు. హిమాలయ ప్రాంతములలోను రాగితో మద్యము చేయుట గలదు. కాని మన చట్టమును రైతులు మఱువరాదు. ఈ ప్రాంతమునకు మద్యనిషేధము క్రొత్త మాట కాదు. రాజాజీ మంత్రివర్గమువారు 1937 అక్టోబరులో సేలము జిల్లాలో నిషేధమును పెట్టి, 1938లోనే దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. తరువాత చట్టములు మాఱినను, 1968 నాటి ఎక్సైజు చట్టము ననుసరించి అనుమతిపత్రము లేక ఇంటియొద్ద మద్యమును తయారుచేయుట నేరము. మాల్టును చేయుటయందు నేరమేమియు లేదు, అది ఆహారధాన్యమే. కావున ఈ పత్రములో చెప్పునది జావకును, పిండివంటలకును, అమ్మకమునకును పనికివచ్చు మాల్టును గూర్చియే యని యెఱుంగునది.

ఇక గింజను గూర్చి. మాల్టునకు మొలకెత్తు గింజ కావలెను. సంగటికి బాగుగ నున్న రాగులన్నియు మాల్టునకు బాగుండవు. పాతరలో ఏండ్లతరబడి నిలువయున్న రాగి పురుగు పట్టక తినుటకు యోగ్యముగనే యుండును గాని, దానియందు జీవము చాలవఱకు పోయియుండును. నూర్పిడియైన వెంటనే కొన్ని రకముల గింజలు నిద్రావస్థలో నుండి సరిగ మొలవవు గనుక, కళ్లము దాటి నెల రెండు నెలలు గడచిన గింజ మేలు. కార్తికమాసపు తుపానువానలకు చేనిలో తడిసి, కంకిమీదనే మొలకచూపి, నల్లబడిన రాగిని మాత్రము ఎంతమాత్రమును వాడరాదు. దానిలో బూజు అదివఱకే చేరియుండును. సందేహమున్నచో నూఱు గింజలను తడిగుడ్డలో చుట్టి రెండు రాత్రులుంచి లెక్కింపుడు. తొంబదికి తక్కువగా మొలచినచో ఆ మూటను సంగటికే ఉంచుకొనుడు.

ఇంకొక హెచ్చరిక. విత్తనమునకై కొని తెచ్చిన రాగికి తెగుళ్ల మందు పట్టించియుందురు. విత్తగా మిగిలినది గదా యని దానిని మాల్టునకు నానబెట్టుట విషమును పిల్లల నోటికి అందించుటయే. ఎన్నిసార్లు కడిగినను ఆ మందు పూర్తిగా పోవునని నమ్మరాదు.

గింజను చేట చెఱిగి, నీళ్లలో గాలించి, ఱాయియు మన్నును తీసివేసి, పైకి తేలిన తాలును పాఱబోసి, మంచినీళ్లలో పండ్రెండు మొదలు పదునాఱు గంటలు నానబెట్టవలెను. నడుమ రెండుసార్లయినను నీళ్లు మార్చుట అవసరము. నీళ్లు మార్చనిచో గింజకు గాలి యందక పులిసిన వాసన పుట్టును. తరువాత నీళ్లను వంచి, శుభ్రమైన నూలుగుడ్డలో మూటగట్టి, వెదురుబుట్టలో నుంచి, పైన తడిగోనె కప్పి నీడ నుంచవలెను. ఆఱు గంటల కొకసారి మూట విప్పి, గింజలను చేతితో పైకి క్రిందికి కలియబెట్టి, ఆరినట్లు తోచినచో నీళ్లు చిలుకరింపవలెను. మొలకెత్తు గింజ ఊపిరి పీల్చుచు తానే వేడిని పుట్టించును. మూట నడుమ చేయిపెట్టి చూచినచో ఆ వేడి తెలియును. ఆ వేడిని వెలికి పోనీయనియెడల నడిమి గింజలు ఉడికినట్లయి బంకపట్టును.

మార్గశిర, పుష్యమాసములలో మదనపల్లె పీఠభూమి రాత్రులు చల్లగా నుండును గనుక మొలకకు రెండు పగళ్లును మూడు రాత్రులును పట్టవచ్చును. ఎండలు ముదిరిన చైత్ర, వైశాఖములలో ఒక పగలు రెండు రాత్రులు చాలును. కాని అప్పుడు పులియు భయ మెక్కువ. తెల్లని వేరుకొన గింజపొడవునకు సమానముగనో, దానికి రెట్టింపుగనో వచ్చినప్పుడు ఆపివేయవలెను. ఇంకను పెరుగనిచ్చినచో మొలక గింజలోని సారమును తానే తినివేయును, మాల్టు తూకము తగ్గిపోవును. సరిగా చేసినను నూటికి పది మొదలు ఇరువది పాళ్లు తఱుగు తప్పదు. నాలుగు కిలోల రాగికి మూడుంబావు మొదలు మూడున్నర కిలోల మాల్టు వచ్చినచో తృప్తిపడవచ్చును. మూటలో ఆకుపచ్చని లేక నల్లని బూజుచుక్కలు కనబడినను, పులిసిన వాసన వచ్చినను, కడిగి బాగుచేయ జూడవలదు. అట్టిదానిని ఎరువుగుంటలో వేయుడు.

ఈ విధానమునే జొన్నకును వాడవచ్చునా యని కొందఱు అడుగుదురు. లేత జొన్నచొప్పను మేసిన పశువు పడిపోవుట మన రైతు లందఱును ఎఱిగినదే. ఆ విషమును పుట్టించు పదార్థమే జొన్నమొలకయందును ఉన్నది. జొన్నమాల్టును చేయువారు వేరును మొలకను పూర్తిగా నులిమి తీసివేయవలెను. రాగికి అట్టి భయము లేదు. అయినను రాగివేళ్లు చేదుగా నుండును గనుక వానిని కూడ తీసివేయుటయే మేలు.

ఇక ఆరబెట్టుట. అన్నిటికంటె ముఖ్యమైన సూత్ర మిచటనే యున్నది. తడిగింజలోని కిణ్వము వేడికి త్వరగా చచ్చును. ఎండిన గింజలోని కిణ్వము అంతే వేడిని చాలసేపు ఓర్చుకొనును. కావున పచ్చిమొలకలను తిన్నగా మంగలములో వేసినచో మాల్టు చెడినట్లే. ముందు ఎండ, తరువాత సెగ. ఈ వరుసను ఎన్నడును తప్పరాదు. మొలకెత్తిన రాగిని మిద్దెమీద శుభ్రమైన గుడ్డపై వ్రేలిమందముకంటె పలుచగా పఱచి, గంట కొకసారి చేతితో దువ్వుచు రెండు పగళ్లు ఎండబెట్టవలెను. ప్రొద్దు గ్రుంకకమునుపే లోపలికి తీసికొనవలెను. లేనిచో మంచునకు తిరిగి మెత్తబడును. రోడ్డుమీద ధాన్యము పోసి ఆరబెట్టు అలవాటు మన సీమలో నున్నది గాని, పసిబిడ్డ ఆహారమునకు అది తగదు. ముసురు పట్టునట్లున్న దినములలో మొలకకు పెట్టకుండుటయే వివేకము. నానబెట్టకముందు ఆకాశమును చూచుట సులభము, మొలకెత్తిన తరువాత చూచి ప్రయోజనము లేదు.

గింజను పంటికింద వేసికొనినచో మెత్తగా నొక్కుకొనక పుటుక్కున పగిలినప్పుడు ఎండ చాలినదని యెఱుంగవలెను. అప్పుడు గోనెపట్టాపై పోసి అరచేతులతో గట్టిగా నులిమినచో ఎండిన వేళ్లు రాలిపోవును. చేట చెఱిగి ఆ వేళ్లను పశువుల దాణాలో కలుపుడు. పుంగనూరు పొట్టి ఆవులు గల ఇండ్లలో అది యెంతో సేపు మిగులదు.

ఇప్పుడు సెగ నారబెట్టుట. ఎండలో ఎంత ఆరినను గింజలో కొంత తేమ మిగిలి, పచ్చిమొలక వాసన పోదు. ఈ రెంటిని పోగొట్టుటకు సుమారు 70 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ముప్పాతిక గంట మొదలు ఒక గంట వఱకు నుంచిన చాలును. 1950లో మైసూరు నగరమున చెలువాంబ భవనమునందు ప్రారంభింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో రాగిమాల్టును గూర్చి జరిగిన కృషియందును ఇంచుమించుగా ఈ వేడియే వాడబడినది. మన పొయ్యిలో డెబ్బది డిగ్రీలను కొలుచు సాధనము లేదు. కాని ఉపాయ మున్నది. వెడల్పు మూతిగల గిన్నెలో సగమువఱకు నీళ్లుపోసి మరుగబెట్టి, దాని మూతి పూర్తిగా కప్పబడునట్లు పెద్ద తాంబాళము నుంచి, ఆ తాంబాళములో మాల్టును పలుచగా పోసి కలియబెట్టుచుండవలెను. మరుగు నీటి ఆవిరి నూఱు డిగ్రీలను మించదు గనుక తాంబాళము మాడదు, గింజకు తగులు వేడి అంతకంటె తక్కువగనే యుండును. ఆవిరి ప్రక్కలనుండి లేచి గింజపై పడి తడుపకుండ చూచుకొనుట యొక్కటే జాగ్రత్త.

తాంబాళము లేనివారు మట్టిమంగలమును వేడిచేసి, పొయ్యినుండి దించి, అందులో మాల్టును పోసి కలియబెట్టుచు, చల్లారగానే మాల్టును తీసి మరల మంగలమును వేడిచేసి, ఇట్లు నాలుగైదు మాఱులు చేయవచ్చును. మంగలము పొయ్యిమీద నుండగా మాల్టును అందులో వేయరాదన్నది ఇందలి నియమము. గింజను పిడికిట పట్టిన వెంటనే కాలి విడువవలసినంత వేడి చాలును. రంగు మాఱరాదు. వేపుడు వాసన రారాదు. పచ్చివాసన పోయి, గడ్డివామి దగ్గఱ ఎండవేళ వచ్చు వాసనవంటిది వచ్చినచో పని ముగిసినది.

వేపుట దీనికి భిన్నము. వేపవలసిన మాల్టును ముందుగా పైన చెప్పినట్లు సెగపై నారబెట్టియే యుండవలెను. తడి మిగిలిన మాల్టును వేపినచో పైపొర మాడి లోపల పచ్చిగా నుండును. అరకిలోకు మించకుండ మంగలములో పోసి, సన్నని మంటపై, చేయి ఆపక కలియబెట్టుచు పది పండ్రెండు నిమిషములు వేపవలెను. ఇక్కడ బార్లీకిని రాగికిని ఒక భేదము గలదు. బార్లీ పొట్టు లేతరంగుది, గింజ పెద్దది, వేపినకొలది రంగు మాఱుట కంటికి తెలియును. రాగి తొలుతనే ఎఱుపు, గింజ ఆవగింజంత. పైకి చూచి ఏమియు చెప్పలేము. మాడిన తరువాతగాని కన్ను పసిగట్టదు. కావున ప్రతి రెండు నిమిషములకు చిటికెడు గింజలు తీసి, తెల్లని పింగాణీపలకపై గరిటెతో నలిపి లోపలి పిండిని చూడవలెను. మొదట తెల్లగా, తరువాత మీగడరంగుగా, ఆపైన లేత గోధుమరంగుగా మాఱును. గోధుమరంగు రాగానే దింపవలెను. వాసనయు సాయపడును. మొదట ఎండిన ధాన్యపు వాసన, పిదప వేపిన వేరుసెనగ వాసన, అటుపిమ్మట కాఫీగింజ వాసన వచ్చును. వేరుసెనగ దగ్గఱనే ఆగవలెను. కాఫీవాసన వచ్చినదనగా చేదు ప్రారంభమైనదని అర్థము. గింజలు చిటపటలాడుచున్నచో మంట మితిమీరినది. దించిన వెంటనే చల్లని వెడల్పు పళ్లెములో పోసి పఱచవలెను. మంగలములోనే విడిచినచో అందలి వేడికి ఇంకను వేగుచునే యుండును.

మన యిండ్లలోని రాగి పేలాలపిండితో దీనిని పోల్చరాదు. పేలాలకు మొలకెత్తని రాగిని కొంచెము తడిపి, కాగిన ఇసుకలో వేసి పేల్తురు. అది కమ్మనిదే, పొరుగున కోలారు సీమవారు హురిహిట్టు అని ప్రీతితో తినునదియు అదియే. కాని అందు మాల్టుగుణము లేదు.

వేపిన మాల్టునందును కిణ్వశక్తి దాదాపు నశించియే యుండును. దానిని రుచికిని రంగునకును మాత్రమే వాడవలెను. పెద్దలకు పాలలో కాచుకొను మాల్టునకు నాలుగు పాళ్లు సెగ నారబెట్టినదియు, ఒక పాలు వేపినదియు కలిపినచో రెండు గుణములును దక్కును. పసిబిడ్డల కుద్దేశించినదానిలో వేపిన దానిని కలుపనే వలదు.

ఈ మాట నేను పుస్తకమునుబట్టి చెప్పుట లేదు. మా యింట మనుమరాలికి ఏడవ నెల వచ్చినప్పుడు మాల్టు చేయబూని, మూడు దినములు శ్రద్ధగా నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, చివర నేనే పొయ్యిదగ్గఱ కూర్చుండి వీధివఱకు ఘుమఘుమలాడునట్లు వేపితిని. అందఱును మెచ్చుకొనిరి. జావ మాత్రము లేహ్యమువలె చిక్కగా గిన్నెకు అంటుకొనెను. చిన్నది రెండు చెంచాలు మ్రింగి తల త్రిప్పుకొనెడిది. పలుచబడుటకు నీళ్లు పోసితిమి. పలుచబడెను గాని కడుపు నిండినను బిడ్డకు పుష్టి లేకపోయెను. నెల తూకములో ఆ సంగతి బయటపడినది. మొలకెత్తించిన శ్రమయంతయు పొయ్యిపాలైనదని నాకప్పుడు తెలిసెను.

ఈ కథలోనే మాల్టుయొక్క అసలు ఉపయోగ మున్నది. పసిబిడ్డ కడుపు చిన్నది. మామూలు రాగిపిండితో చిక్కని జావ చేసినచో బిడ్డ మ్రింగలేదు, మ్రింగగలిగినంత పలుచగా చేసినచో అందు పిండి తక్కువ, నీళ్లెక్కువ. కిణ్వము బ్రదికియున్న మాల్టు ఈ చిక్కును విడదీయును. అది గంజిని విఱిచివేయుటచే ఎక్కువ పిండి పట్టిన జావయు పలుచగనే జాఱును. ఇంతేగాక, రాగిలో నూఱు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపుధాతువు, అనగా క్యాల్షియము, ఉన్నది. బియ్యములో దానికి దరిదాపులనైనను లేదు. రాగిలోని ఫైటేటు అను పదార్థము ఇనుము మొదలగువానిని కట్టివైచి శరీరమునకు అందనీయదు. మొలకెత్తించుటచే అదియు కొంత తగ్గును.

మీరు చేసిన మాల్టు బ్రదికియున్నదో లేదో కనుగొనుటకు పరీక్ష యొకటి గలదు. ముప్పది గ్రాముల మామూలు రాగిపిండిని రెండువందల మిల్లీలీటర్ల నీళ్లలో ఉడికించి చిక్కని జావ చేయుడు. దానిని రెండు గిన్నెలలో సమముగా పోయుడు. వ్రేలు ముంచినచో చుఱుక్కుమని వెంటనే తీయవలసినంత వేడికి అది దిగినప్పుడు, ఒక గిన్నెలో చిన్న చెంచాడు మాల్టుపిండి వేసి బాగుగ కలుపుడు. మంచి మాల్టైనచో అయిదు పది నిమిషములలో ఆ గిన్నెలోని జావ మజ్జిగవలె పలుచనగును. ప్రక్క గిన్నెలోనిది గట్టిపడుచునే యుండును. రెండును ఒకే తీరుగ నున్నచో మాల్టు పొయ్యిమీద చచ్చినదని తెలియును. మరుగుచున్న జావలో వేసి పరీక్షింపవలదు. ఆ వేడికి బ్రదికిన కిణ్వమును చచ్చును.

బిడ్డకు పెట్టునప్పుడును ఇదే క్రమము. జావను దించి, కొంత వేడి తగ్గిన పిదప మాల్టు కలిపి, పలుచబడనిచ్చి, మరల ఒక పొంగు వచ్చువఱకు కాచి, గోరువెచ్చగా చేసి పట్టవలెను. రెండవసారి కాచుట మఱువరాదు. మొలకధాన్యమునందు సూక్ష్మక్రిములు చేరుటకు అవకాశ మెక్కువ, సన్నని సెగకు అవి అన్నియు చావవు. ఆఱు నెలలు నిండువఱకు తల్లిపాలు తప్ప మఱేమియు పెట్టరాదు. తరువాతను పాలు మానిపింపక, జావను పాలతోపాటు పెట్టవలెను. రాగి యొక్కటే చాలదు. ఏడు పాళ్లు రాగిమాల్టునకు మూడు పాళ్లు పెసలను మొలకెత్తించి, ఎండించి, పొట్టు తీసి చేర్చినచో మాంసకృత్తులు సమకూడును. పెసలమొలక రాగిమొలకకంటె త్వరగా వచ్చును గనుక వేఱుగా చేసికొని పిండి దశలో కలుపుడు.

మాల్టును తిరగలిలో గాని మరలో గాని విసరునప్పుడు అంతకుముందు మిరపకాయలో, మందు పట్టిన విత్తనమో విసరలేదని చూచుకొనుడు. మరపిండి చేతికి కాలునంత వేడిగా వచ్చుచున్నచో ఆపి ఆపి విసరింపుడు. సన్నని గుడ్డలో జల్లించినచో పొట్టు మీద మిగులును. పెద్దలకైనచో జల్లింప నక్కఱలేదు. పిండి పూర్తిగా చల్లారిన తరువాతనే మూతగల పొడి డబ్బాలో పోయవలెను. గింజరూపమున నున్న మాల్టు పిండికంటె ఎక్కువకాలము చెడకుండును గనుక నెలకు సరిపడునంతయే విసరించుకొనుట మంచిది. చేయి తడిగా నుండగా డబ్బాలో పెట్టరాదు. గడ్డకట్టినను, ముక్కవాసన వచ్చినను పాఱవేయవలెను.

అమ్మదలచిన రైతులును, మహిళాసంఘములవారును 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద తమ పేరు నమోదు చేయించుకొని, ఆ సంఖ్యను, తయారైన తేదీని పొట్లముపై ముద్రింపవలెను. సెగ నారబెట్టినదానిని, వేపినదానిని వేఱు వేఱు పొట్లములలో అమ్మి, ఏది యేదో స్పష్టముగా వ్రాయవలెను. ప్రతి విడతనుండియు గుప్పెడు మాల్టు తీసి, గిన్నెల పరీక్ష చేసి, తేదీతో ఒక పుస్తకములో గుఱుతు పెట్టుకొనినచో, ఏ దినమున పొయ్యి ఎక్కువైనదో ఆ పుస్తకమే చెప్పును.